వీడియో కాల్‌లో డాక్టరు అడిగితే జవాబు అమ్మే చెప్పాలి

[తెరపై: టేబుల్ మీద ఫోను, బీపీ మెషిను, మందుల డబ్బా]

నమస్కారం. మీ ఇంట్లో పెద్దవాళ్లను వీడియో కాల్‌లో డాక్టరుకు చూపిస్తున్నారా? అయితే ఈ వీడియో వాళ్లూ మీరూ కలిసి చూడండి. మోకాళ్ల నొప్పులతో బస్సెక్కి, ఓపీలో టోకెన్ తీసుకుని గంటల తరబడి కూర్చునే అవస్థ తప్పడం చిన్న విషయం కాదు. కానీ చాలా ఇళ్లలో జరిగేదేంటంటే, డాక్టరు "ఎలా ఉందమ్మా?" అనగానే పక్కనుంచి కొడుకో కోడలో జవాబు చెప్పేస్తారు. అమెరికాలో ఉన్న అమ్మాయి కూడా అదే కాల్‌లోకి వచ్చి రిపోర్టులు చదువుతుంది. అందరూ మాట్లాడతారు, ఒంట్లో బాగోలేని మనిషి మాత్రం నోరు విప్పరు.

ఆన్‌లైన్‌లో డాక్టరు నాడి పట్టుకోలేరు, గుండె మీద స్టెతస్కోపు పెట్టలేరు. ఆయనకు దొరికేది మనిషి మాట, ముఖం. ఒక్క వాక్యం పూర్తిచేసేలోపు రెండుసార్లు ఊపిరి తీసుకుంటున్నారంటే ఆయాసం ఉందని ఆ మాటలోనే తెలిసిపోతుంది. మాట ముద్దగా వస్తోందా, నిన్న జరిగింది గుర్తుందా అన్నవీ అలాగే తెలుస్తాయి. మీరే మాట్లాడేస్తే అవేవీ ఆయనకు తెలియవు.

ఇంకోటి. మూత్రం ఆపుకోలేకపోవడం, బాత్రూంలో జారి పడటం, మందులు ఖర్చెక్కువని సగం సగం వేసుకోవడం... ఇవి పిల్లల ముందు చెప్పరు. అందుకే కాల్ కలిపి, చెవుల్లో ఇయర్‌ఫోన్స్ పెట్టి, వెలుతురు ముఖం మీద పడేలా కూర్చోబెట్టి, కాసేపు పక్క గదిలోకి వెళ్లండి. చెప్పాల్సింది మీకేదైనా ఉంటే చివర్లో చెప్పొచ్చు.

[తెరపై: మాత్రల స్ట్రిప్పులు దగ్గరగా]

మందుల విషయం కాస్త వివరంగా చెప్తాను. "బీపీకి టెల్మా వేసుకుంటున్నా" అంటే డాక్టరుకు సరిపోదు. టెల్మాలో ఒక్క టెల్మిసార్టాన్ మాత్రమే ఉంటుంది. టెల్మా ఏఎమ్‌లో దానితోపాటు ఆమ్లోడిపిన్ అనే మరో బీపీ మందు ఉంటుంది. టెల్మా హెచ్‌లో దానితోపాటు మూత్రం ఎక్కువగా వచ్చేలా చేసే మందు ఉంటుంది. కాళ్లు వాస్తున్నాయంటే ఆమ్లోడిపిన్ వల్ల కావచ్చు, కాబట్టి ఏది వేసుకుంటున్నారో డాక్టరుకు కచ్చితంగా తెలియాలి. స్ట్రిప్పులన్నీ ముందే బయటపెట్టి ఒక్కోటీ కెమెరాకు చూపించండి. మందుల షాపులో నాలుగు మాత్రలు కత్తిరించి ఇస్తే పేరున్న ముక్క పోతుంది, అందుకని కొన్న రోజే ఫోటో తీసి పెట్టుకోండి. మోకాళ్లకు వేసుకునే నొప్పి మాత్రలు, ఆయుర్వేదం మందులు కూడా దాచకుండా చూపించాలి.

కాళ్ల వాపు ఉంటే చీలమండకు కొంచెం పైన, ముందువైపు ఎముక మీద బొటనవేలితో పది సెకన్లు నొక్కి వదిలి కెమెరాలో చూపించండి. గుంట పడి మెల్లగా పూడుతుంటే ఆ సంగతి డాక్టరు కళ్లతో చూస్తారు.

బీపీ చూసే ముందు అరగంట కాఫీ, టీ వద్దు. ఐదు నిమిషాలు వీపు ఆనించి, పాదాలు నేలకు ఆనించి ప్రశాంతంగా కూర్చోవాలి. పట్టీ చొక్కా చేతి మీద, జాకెట్టు చేతి మీద కాదు, నేరుగా ఒంటికే చుట్టాలి. నిమిషం తేడాతో రెండుసార్లు చూసి, తేదీతో సహా రాసుకోండి.

స్మార్ట్‌ఫోన్ లేకపోతే? కేంద్ర ప్రభుత్వం నడిపే ఆన్‌లైన్ వైద్య సేవ ఈ-సంజీవని ఉచితం. ఊళ్లోని ప్రభుత్వ ఆరోగ్య కేంద్రం, అంటే ఆయుష్మాన్ ఆరోగ్య మందిర్‌కు వెళ్తే అక్కడి సిబ్బంది బీపీ, షుగర్ చూసి డాక్టరుతో వీడియోలో కలుపుతారు.

[తెరపై: మందుల చీటీ, డాక్టరు రిజిస్ట్రేషన్ నంబరు దగ్గర గుర్తు]

మన దేశంలో ఆన్‌లైన్ వైద్యానికి 2020 మార్చి 25న మార్గదర్శకాలు వచ్చాయి. చీటీ మీద డాక్టరు పేరు, రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. అదే జబ్బుకు అదే డాక్టరును నేరుగా కలిసి ఆరు నెలలు దాటితే ఆ కాల్‌ను ఫాలో-అప్‌గా, అంటే పాత వైద్యానికి కొనసాగింపుగా లెక్కవేయరు. అల్ప్రజోలం లాంటి నిద్రమాత్రలు ఆన్‌లైన్‌లో రాయకూడదు. డాక్టరు రాయనంటే కోపం తెచ్చుకోవద్దు, ఆయన నిబంధన పాటిస్తున్నారు.

ఛాతీలో నొప్పి, మూతి ఒక పక్కకు వంకరపోవడం, ఉన్నట్టుండి చేయో కాలో పట్టు తప్పడం కనిపిస్తే వీడియో కాల్ కోసం ఒక్క నిమిషం కూడా ఆగకండి. 108కి ఫోన్ చేయండి.

మామూలు కాల్ అయితే, డాక్టరు చెప్పడం అవగానే కట్ చేయకండి. "సార్, నాకు అర్థమైంది ఒకసారి చెప్తాను, వినండి" అని పెద్దవాళ్లే తిరిగి చెప్పాలి. ఏ మాత్ర ఆపాలి, కొత్తది ఏది, తినకముందా తిన్నాకా, మళ్లీ ఎప్పుడు చూపించుకోవాలి అన్నవన్నీ. ఎక్కడైనా పొరపాటు పడితే డాక్టరు అప్పుడే సరిచేస్తారు. ఆ తర్వాతే ఫోన్ మీ చేతికి ఇవ్వమనండి.