రెండు రోలర్లు, ఒక జింకు ప్లేటు: కృష్ణారెడ్డి రంగులు ఈ కిట్‌తో వస్తాయా?

అందరికీ నమస్కారం అండీ, విజయవాడ నుంచి. ముందే చెప్పేస్తున్నాను, ఈ ప్రింట్‌మేకింగ్ కిట్ (లోహపు ప్లేటు మీద బొమ్మ చెక్కి, ఇంకు పట్టించి కాగితం మీద అచ్చు వేయడానికి) కంపెనీ వాళ్లు ఉచితంగా పంపారు. ఏం మాట్లాడాలో వాళ్లేమీ చెప్పలేదు. స్పెక్స్ మీరు ఈపాటికే చూసుంటారు: గట్టి రోలర్ ఒకటి, మెత్త రోలర్ ఒకటి, మూడు ఇంకు డబ్బాలు. అట్ట మీద మాత్రం ‘విస్కాసిటీ ప్రింటింగ్’ అని పెద్దక్షరాల్లో వేశారు, అంటే ఇంకుల చిక్కదనంలో తేడాతో ఒకే ప్లేటు మీద రంగులన్నీ పట్టించే పద్ధతి. ఆ మాట వేశాక కొలవాల్సింది ప్రింట్ కళాకారుడు కృష్ణారెడ్డి గారి పనితోనే.

మన చిత్తూరు దగ్గర నందనూరులో 1925లో పుట్టిన మనిషి. శాంతినికేతన్‌లో నందలాల్ బోస్ దగ్గర చదివి, లండన్ స్లేడ్ స్కూల్లో హెన్రీ మూర్ దగ్గర, పారిస్‌లో జాడ్కిన్ దగ్గర శిల్పం నేర్చుకున్నాడు. ఈ శిల్పం సంగతి గుర్తుపెట్టుకోండి, రివ్యూ అంతా దాని మీదే నడుస్తుంది. తర్వాత పారిస్‌లోనే స్టాన్లీ విలియం హేటర్ నడిపిన అతెలియే 17 అనే ప్రింట్ వర్క్‌షాపులో చేరాడు. అక్కడ కైకో మోటీ, ఈయన, హేటర్ కలిసి ఈ పద్ధతిని ఒక దారికి తెచ్చారు. అంతవరకూ ఒక్కో రంగుకి ఒక్కో ప్లేటు చేసుకుని, ఒకదాని మీద ఒకటి గురి చూసి అచ్చు వేయడమే మామూలు. వీళ్లది ఒకే ప్లేటు, ప్రెస్‌లో ఒకేసారి, రంగులన్నీ ఒక్క దెబ్బకి.

ఎలాగంటే, ప్లేటుని మెట్లు మెట్లుగా తవ్వుతారు. మొదట గీతల్లో ఇంకు నింపి, జాలిగుడ్డతో తుడుస్తారు. తర్వాత నూనె కలిపి పలచన చేసిన రంగుని గట్టి రోలర్‌తో, నొక్కకుండా, రోలర్ బరువుతోనే దొర్లిస్తారు. అది పైమెట్టుకే అంటుతుంది. ఆ పైన నూనె లేని చిక్కటి రంగుని మెత్త రోలర్‌తో కాస్త నొక్కి దొర్లిస్తే రబ్బరు లోపలికి దిగి పల్లాలకు రంగు పెడుతుంది. పైమెట్టు మీద అప్పటికే పలచటి ఇంకు ఉంది కాబట్టి అక్కడ ఈ చిక్కటిది పట్టదు. వరస తిరగేశారో, రెండూ కలిసిపోయి మట్టిరంగు మిగులుతుంది.

ఇప్పుడు మెత్త రోలర్. అద్భుతంగా ఉందండీ! బొటనవేలితో నొక్కితే లోతుగా దిగుతుంది, వదలగానే గుంట లేకుండా లేస్తుంది. బజారులో లినోకట్ కోసం అమ్మే రోలర్లు ఈ పనికి రావు, అవి పల్లాన్ని తాకవు. ఇది అడుగుమెట్టు దాకా వెళ్లి అంచుల దగ్గర కూడా రంగు పెడుతోంది.

కానీ నాకు కోపం తెప్పించింది దీని వ్యాసం. వెడల్పు 20 సెంటీమీటర్లని గొప్పగా రాశారు, వ్యాసం 5 సెంటీమీటర్లే. చుట్టుకొలత ఎంత? 15.7. అంటే ఆ దూరం దొర్లగానే ఒక చుట్టు అయిపోతుంది. రెండో చుట్టు మొదలయ్యేసరికి రోలర్ మీద మొదటి సగం బొమ్మ అచ్చు ఉంటుంది, దాన్నే తెచ్చి ప్లేటు చివర్లో మసకగా దించుతుంది. మధ్యలో అడ్డంగా గీత కూడా కనిపిస్తుంది. ఎంత నేర్పున్నా అది పోదు, లెక్క అది! 25 సెంటీమీటర్ల ప్లేటు దొర్లించాలంటే కనీసం 8 సెంటీమీటర్ల వ్యాసం కావాలి. 1963 నాటి కృష్ణారెడ్డి ‘వర్ల్‌పూల్’ చూడండి, ఆ సుడి మొత్తం నీలాల్లో ఒక్క అతుకు లేకుండా తిరుగుతుంది. అలాంటి ప్లేటు ముందు ఈ రోలర్ ఆటవస్తువు కిందే లెక్క. ఈ కిట్‌తోనే చేయాలంటే ప్లేటుని 15 బై 20గా కోయించి, 15 వైపుకి దొర్లించండి.

ఇంకుల రంగులు బాగున్నాయి. బెజవాడ ఎండకి మాత్రం డబ్బాలోని చిక్కటి ఇంకు దానంతటదే వదులైపోతుంది, అప్పుడు రెండు రంగులూ విడిపోవు. మే నెలలో తెల్లవారుజామునే పని పెట్టుకోండి, లేదా ఏసీ గదిలో. చిక్కటిది కత్తితో ఎత్తితే కింద పడకుండా వేలాడాలి, అలా లేకపోతే చిటికెడు మెగ్నీషియం కార్బొనేట్ పొడి కలిపి నూరండి. పలచటిది లేతపాకంలా జారాలి. చెంచాడు ఇంకుకి పది చుక్కల లిన్‌సీడ్ ఆయిల్‌తో మొదలుపెట్టి, ఒక్కో చుక్కా పెంచుతూ రండి. శుభ్రం చేసేటప్పుడు ముందు వంటనూనె, తర్వాత కిరోసిన్ తడిపిన గుడ్డ. థిన్నర్ తగిలితే రబ్బరు ఉబ్బుతుంది. రోలర్‌ని గాజుపలక మీద ఆనించి వదిలేస్తే చదును పడుతుంది, ఆ చదును ప్రతి అచ్చులోనూ కనిపిస్తుంది.

కిట్‌తో వచ్చిన కాగితంలో ప్లేటు లోతు గురించి ఒక్క ముక్క లేదు. ఇది పెద్ద తప్పు. లోతు చాలకపోతే రెండు రోలర్లూ ఒకేచోట తాకుతాయి, ఎంత ఖరీదైన ఇంకైనా రంగు విడిపోదు. కృష్ణారెడ్డి ప్లేటుని యాసిడ్‌తో కొరికించడంతో ఆగలేదు. ఉలులు, స్క్రేపర్లతో ప్లేటుని చెక్కాడు, మిషన్ పనిముట్లూ వాడాడు. 1968 పారిస్ విద్యార్థుల ఆందోళన నుంచి వచ్చిన ‘డెమాన్‌స్ట్రేటర్స్’ చూసినా, తర్వాత న్యూయార్క్‌లో ఉండగా చేసిన విదూషకుల ప్రింట్లు చూసినా, రంగు కంటే ముందు లోహంలో శిల్పం ఉంది. 1972లో మన దేశం ఆయనకి పద్మశ్రీ ఇచ్చింది, కానీ 2018లో ఆయన పోయేనాటికి మన జిల్లాల్లోనే ఎంతమందికి ఆ పేరు గుర్తుంది? నాకు అది బాధ.

నా తీర్పు: చిన్న ప్లేట్లతో నేర్చుకునేవాళ్లు కొనొచ్చు, మెత్త రోలర్ కోసమే కొనొచ్చు. పెద్ద ప్లేట్లు చేసేవాళ్లకి వద్దు. మీ ఊళ్లో ఆఫ్‌సెట్ ప్రెస్ వాళ్లను కలిసి, రోలర్లకి రబ్బరు ఎక్కడ ఎక్కిస్తారో అడగండి. 8 సెంటీమీటర్లు దాటిన వ్యాసం చెప్పండి, వాళ్ల మామూలు రోలర్ కన్నా బాగా మెత్తటి రబ్బరు కావాలని, ఉపరితలం నున్నగా గ్రైండ్ చేసివ్వాలని చెప్పండి. బేరింగులు రెండు వైపులా పెట్టించుకోవడం మర్చిపోవద్దు, లేకపోతే అంత బరువు చేతుల్లో దొర్లదు.