చట్టంలో పేరు లేని స్టేషన్

అందరికీ నమస్కారం.

మూతబడిన స్టేషన్ అంటే రైలు రాని స్టేషన్ అనుకుంటాం. ఇంగ్లండ్‌లో, ససెక్స్‌లోని బార్కమ్ అనే పల్లెలో మాత్రం స్టేషన్ మూతబడ్డాక కూడా ఏడాదిన్నర పాటు బళ్లు తిరిగాయి. ప్లాట్‌ఫామ్ పక్కనుంచే పోయేవి, ఆగేవి కావు. ఈవేళ మీకు చెప్పాలని వచ్చింది ఆ సంగతే.

లూయిస్ నుంచి ఈస్ట్ గ్రిన్‌స్టెడ్‌కు వెళ్లే ఈ లైను 1882 ఆగస్టు 1న మొదలైంది. ఊరి పేరుతో పక్క లైనులో అప్పటికే ఒక స్టేషన్ ఉంది కాబట్టి దీన్ని మొదట న్యూ బార్కమ్ అన్నారు. 1885లో పాతది బార్కమ్ మిల్స్ అయింది, కొత్తదానికి ఊరి పేరు దక్కింది.

1955లో నష్టాల పేరుతో లైను మూసేయాలనుకున్నారు. ముహూర్తం జూన్‌లో. ఈలోగా మే నెలాఖరున రైల్వే సమ్మె వచ్చింది. బళ్లు ఆగినవి ఆగినట్టే ఉండిపోయాయి. ఊరివాళ్లకు ఆఖరి బండి ఎక్కే భాగ్యం కూడా దక్కలేదు.

ఆ దగ్గర్లోని చైలీలో మ్యాడ్జ్ బెస్సెమర్ అనే ఆవిడ ఉండేవారు. ఉక్కు తయారీ పద్ధతితో పేరుపొందిన హెన్రీ బెస్సెమర్ కుటుంబం వారిది. ఆవిడ 1877, 1878 నాటి రైల్వే చట్టాలు తిరగేశారు. ఫలానా స్టేషన్లలో రోజుకు నాలుగు బళ్లు ఆగాలని అందులో రాసి ఉంది! పార్లమెంటు చేసిన చట్టం. రైల్వేవాళ్లు తోసిపుచ్చలేకపోయారు. 1956 ఆగస్టులో బళ్లు మళ్లీ కదిలాయి. ఒక్క మనిషి ఓపికగా పాత కాగితాలు చదివితే ఇంత జరిగింది. నాకు ఈ కథలో అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం ఇదే.

కానీ ఉద్యోగాలకు వెళ్లేవాళ్లకు పనికిరాని వేళల్లో నడిపారు. జనం దాన్ని అలిగిన సర్వీసు అన్నారు. ఇక బార్కమ్, అదే లైనులోని కింగ్స్‌కోట్ స్టేషన్ల పేర్లు ఆ చట్టంలో లేవు. లేవు కాబట్టి ఆ రెండు చోట్లా బండి ఆపలేదు. దారిలో ఉన్న ఊరే, ఉన్న ప్లాట్‌ఫామే! ఆపడానికి పట్టే నిమిషం కూడా ఇవ్వలేదంటే నాకు ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

బహిరంగ విచారణ జరిగింది, రైళ్లు నడిపే ప్రభుత్వ సంస్థ రవాణా కమిషన్‌కు చీవాట్లు పడ్డాయి. అయినా పార్లమెంటు ఆ నిబంధనను ఎత్తేసింది. 1958 మార్చిలో లైను పూర్తిగా మూతబడింది.

రెండేళ్లకే, 1960లో, ఔత్సాహికులు లైను మధ్య ముక్కను బ్లూబెల్ రైల్వేగా బతికించారు. కింగ్స్‌కోట్‌లో 1994 నుంచి మళ్లీ బళ్లు ఆగుతున్నాయి. బార్కమ్ వైపు పట్టాలు పీకేశారు. స్టేషన్ భవనం ఇల్లుగా మారింది.