మా ఊరి ఇంట్లో పియానో వినడానికి స్పీకర్లు కొన్నాం, ఆ కథంతా ఈ వీడియోలో

హాయ్ అండీ అందరికీ, ఎలా ఉన్నారు, ఈసారి వీడియో న్యూజెర్సీ నుంచి కాదండి, అమలాపురం పక్కన మా ఊరి నుంచి. వెనకాల గుర్రుమని వినిపిస్తోంది చూడండి, అది చెరువుల్లో నీళ్లకి గాలి పట్టించడానికి తిరిగే ఏరేటర్ల సౌండు, మా పక్క పొలాలన్నీ ఇప్పుడు రొయ్యల చెరువులే కదా, దాని సంగతి తర్వాత చెప్తాను, ఇవాళ్టి విషయానికీ దానికీ చాలా సంబంధం ఉంది.

నాన్నగారికి మోకాలి ఆపరేషన్ అయ్యింది, అందుకని నాలుగు నెలలు ఇక్కడే ఉండి ఆఫీసు పని చేసుకుంటున్నా. అక్కడ నాకు పదేళ్ల నుంచి ఒక అలవాటు ఉందండి, పడుకోబోయే ముందు ఒక గంట పియానో వింటాను, షూబర్ట్, షోపాన్, బాక్, ఇలా పాశ్చాత్య సంగీతం రాసిన పాతవాళ్లు ఎవరో ఒకరివి. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని వినొచ్చు కదా అని మా పిన్ని అంది, వినొచ్చు, కానీ నాన్నగారు పక్కన కూర్చుని వినాలి, అదీ నా ఆశ. ఆయన రేడియోలో వీణ కచేరీలు విని పెరిగిన మనిషి, తీగ మోగి, మోగి, ఎక్కడ ఆగుతుందో చెవి పెట్టి వినే ఓపిక ఆయనకుంది, పియానోకి కావాల్సింది కూడా ఆ ఓపికేనండి.

ముందు అక్కడి నుంచి నా రికార్డ్ ప్లేయర్ సూట్‌కేసులో బట్టల మధ్య పెట్టుకుని తెచ్చాను. అమెరికాలో కరెంటు 120 వోల్టులు, ఇక్కడ 230, అది తెలుసు కాబట్టి స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కొన్నా, అంతా కలిపా, రికార్డు పెట్టా, పాట మొదలైంది, నాకేదో తేడాగా ఉంది. నాన్నగారు రెండు నిమిషాలు విని "ఎంత విలంబంలో వాయిస్తున్నాడమ్మా" అన్నారు. అప్పుడు వెలిగింది. వోల్టేజి ఒక్కటే కాదండి, అక్కడి కరెంటు 60 హెర్ట్జ్, అంటే సెకనుకి 60 సార్లు ఊగుతుంది, మనది 50, నా ప్లేయర్‌లో ఉన్న రకం మోటారు ఆ హెర్ట్జ్‌ని బట్టే తిరుగుతుంది, ట్రాన్స్‌ఫార్మర్ దాన్ని మార్చలేదు. నిమిషానికి 33 చుట్లు పైచిలుకు తిరగాల్సిన రికార్డు 28 కూడా తిరగట్లేదు, శ్రుతి హార్మోనియం మీద మూడు మెట్లు కిందికి జారిపోయింది. అక్కడి నుంచి ఇలాంటివి తేవాలనుకునేవాళ్లు ముందు మోటారు ఏ రకమో చూసుకోండి, డీసీ మోటారు అయితే ఈ గొడవ లేదు.

సరే ఇక్కడే కొందామని కాకినాడ వెళ్లాం. షాపులో ఐదు చిన్న స్పీకర్లు, ఒక పెద్ద సబ్‌ఊఫర్ ఉన్న హోమ్ థియేటర్ చూపించి ఇదే తీసుకోండి మేడమ్ అన్నాడు. సినిమాకి బానే ఉంటుందేమో గానీ పియానోకి నాకు నచ్చలేదండి, ఎందుకో చెప్తాను. పియానో మధ్యలో ఉండే సి స్వరం దాదాపు 262 హెర్ట్జ్, అంటే తీగ సెకనుకి అన్నిసార్లు ఊగుతుంది, దాని కింద ఎడమ చెయ్యి పనంతా ఉంటుంది. ఆ చిన్న స్పీకర్లు 200 దగ్గరో 150 దగ్గరో చేతులెత్తేసి మిగతాది సబ్‌ఊఫర్‌కి వదిలేస్తాయి, అంటే ఒకే ఎడమ చెయ్యి వాయించే వరసలో సగం మెట్లు ఎదురుగా, సగం మెట్లు మూలనున్న డబ్బాలోంచి వస్తాయి, మనిషిని రెండుగా విడదీసినట్టు ఉంటుంది. నేను పెన్‌డ్రైవ్‌లో షూబర్ట్ చివరి సొనాటా, అంటే ఒక్క పియానోకే రాసిన పెద్ద రచన, తీసుకెళ్లా, 1828లో, తను చనిపోయిన ఏడాదే రాశాడు ఆయన, దాని మొదట్లోనే బాగా కింద, మెల్లిగా ఒక గమకంలాంటిది వస్తుంది, రెండు పక్కపక్క మెట్లు గబగబా మార్చి మార్చి కొట్టడం. ఆ సెట్టులో అది ఒట్టి గుమగుమ. రెండు పెద్ద బుక్‌షెల్ఫ్ స్పీకర్లలో పెడితే రెండు మెట్లూ విడివిడిగా వినపడ్డాయి. ఇంకేం చూడకుండా వాటినే తీసుకున్నా.

పియానోకి 88 మెట్లు కదా, అట్టడుగు మెట్టు 27.5 హెర్ట్జ్, మరి అంత కిందికి వెళ్లే స్పీకరు అక్కర్లేదా అంటారేమో. ఆ అడుగు మెట్లలో అసలు స్వరం చాలా బలహీనంగా ఉంటుందండి, మన చెవి దాంతో పాటే మోగే పై స్వరాలని, అనుస్వరాలంటారు, వాటిని పట్టుకుని దాన్ని పూరించుకుంటుంది. ఆరున్నర అంగుళాల ఊఫర్, అదే స్పీకర్‌లో కింది స్వరాలు పలికే పెద్ద గుండ్రటిది, 45 హెర్ట్జ్ దాకా వెళ్తే చాలు. ఊఫర్ అంచు మాత్రం రబ్బరుదే చూసుకోండి, నాన్నగారి పాత టేప్ రికార్డర్ ఫోము అంచు మా గోదావరి తేమకి ముట్టుకుంటే పొడి రాలేది. ఆంప్, అదే స్పీకర్లకి పవరు ఇచ్చే యాంప్లిఫయర్, నేను వంద వాట్లది తీసుకున్నా, గట్టిగా వినడానికి కాదు, పియానో మెల్లిగా ఉన్నప్పుడు ఒక్క వాటు కూడా తినదు గానీ ఒక్కసారి రెండు చేతులతో కొడితే 20 డెసిబెల్స్ పైకి లేస్తుంది, అంటే వంద రెట్ల పవరు కావాలి, అప్పుడు ఆంప్‌లో అంత పవరు లేకపోతే సౌండు పగిలిపోతుంది.

ఇంటికి తెచ్చి పడమటింట్లో పెట్టాం. ఎంత బాధేసిందో చెప్పలేను, షాపులో విన్నది ఇది కాదు. మా ఇల్లు పాతది, ఎర్ర గచ్చు, సున్నపు గోడలు, ఎత్తు పైకప్పు, ప్రతి స్వరమూ గోడకి కొట్టుకుని తిరిగొచ్చి తర్వాతి స్వరం మీద పడుతోంది, పియానోలో స్వరాన్ని ఆగకుండా మోగించే పెడల్ తొక్కి వదలట్లేదేమో అన్నట్టు. పైగా గది పొడవు 14 అడుగులు, దానివల్ల 40 హెర్ట్జ్ దగ్గర ఒకట్రెండు మెట్లు మాత్రం గుమ్ముమని లేస్తున్నాయి.

అప్పుడు మా బాబాయి అన్న మాటే ఈ వీడియోకి అసలు కారణమండి. "అంబాజీపేట పక్కనుండి పీచు పరుపులకేటమ్మా కరువు" అన్నాడు. నిజమే కదా, స్టూడియోల్లో గోడలకి మెత్తటి పలకలు పెట్టేది సౌండు తాగెయ్యడానికే, కొబ్బరి పీచు పోగుల మధ్య అంతా గాలి సందులే, అది కూడా బ్రహ్మాండంగా తాగుతుంది. పీచు పరుపులకి వాడే షీట్లు రెండంగుళాల మందానివి నాలుగు తెచ్చాం, పాత నూలు చీరలు చుట్టాం. ఎక్కడ పెట్టాలో కనుక్కోవడానికి నేను కుర్చీలో కూర్చుంటే బాబాయి అద్దం పట్టుకుని పక్క గోడ వెంట నడిచాడు, అద్దంలో నాకు స్పీకర్ కనపడిన చోటే షీటు, రెండు పక్కలా అంతే. కింద జంపఖానా పరిచాం. గుమ్ముమనే ఆ మెట్లకి మాత్రం పీచు పనిచెయ్యదు, అంత పొడుగు అలకి రెండంగుళాలు ఏ మూలకి, స్పీకర్లని గోడకి రెండడుగులు ముందుకి జరిపి, కుర్చీని గది మధ్య నుంచీ వెనక గోడ నుంచీ కూడా తప్పించి, సాయంత్రమంతా జరుపుతూనే ఉన్నాం.

ఇంక కరెంటు. పాత ఇన్వర్టర్ మీద ఆంప్ జుయ్యిమంటోంది, ఎలక్ట్రీషియన్ గారు చూసి ఇది స్క్వేర్ వేవ్‌దండి, కరెంటుని ముక్కలు ముక్కలుగా ఇస్తుంది, మామూలు కరెంటులా నున్నగా ఇచ్చే సైన్ వేవ్‌ది పెట్టుకోండి అన్నారు, ఎర్తింగ్ గొయ్యి కూడా బాగు చేయించాం, ఆ మోత పోయింది. ఏరేటర్లని ఏం చెయ్యలేం, రాత్రి అవి తిరుగుతుంటే పియానోలో అతి మెల్లిగా ఉండేవన్నీ మునిగిపోతాయి, వాల్యూమ్ పెంచితే పెద్దగా ఉండేవి మరీ పెద్దవైపోతాయి. అందుకని పొద్దెక్కాక, అవి కాసేపు ఆపినప్పుడు, చెరువు వైపు కిటికీలు వేసుకుని, ఫ్యాన్ ఆపి వింటున్నాం.

మొన్న అలాగే ఆ సొనాటా పెట్టాను. నాన్నగారు కాలు స్టూలు మీద చాపుకుని కళ్లు మూసుకున్నారు. ఆ కింది గమకం రాగానే కళ్లు తెరిచి "ఎక్కడో ఉరిమిందమ్మా, పెరట్లో ఒడియాలున్నాయి చూడు" అన్నారు. నేను చేత్తో స్పీకర్ చూపించా. మళ్లీ మొదటి నుంచి పెట్టమన్నారు, ఈసారి అది వచ్చేదాకా వేలు ఎత్తి పట్టుకుని కూర్చున్నారండి.

రికార్డ్ ప్లేయర్‌కి 50 హెర్ట్జ్ పుల్లీ, అదే మోటారుకి తగిలించే చిన్న చక్రం, ఆర్డర్ పెట్టా, వచ్చాక బిగించి చూపిస్తాను, ఒడియాలు నిజంగానే తియ్యాలి, మబ్బు పట్టింది, ఉంటానండి.