ఎర్ర మూత, నారింజ మూత

పిల్లలూ, నా చేతిలో రెండు సిరంజీలు ఉన్నాయి. వెనక బెంచీలకి కూడా కనపడేలా పైకి పట్టుకుంటాను, చూడండి. రెండూ ఇన్సులిన్ సిరంజీలే. రెండిట్లోనూ పట్టేది 1 మిల్లీలీటరే. ఒకదానికి ఎర్ర మూత, దాని మీద అంకెలు 40 దాకా ఉంటాయి. ఇంకోదానికి నారింజ రంగు మూత, దాని మీద 100 దాకా ఉంటాయి. సోమవారం నుంచి మీరు వార్డు పోస్టింగుకి వెళ్తున్నారు. మందులు ఇవ్వడం గురించి మాట్లాడమని మీ ప్రిన్సిపాల్ మేడమ్ గారు నన్ను పిలిచారు. ముప్పై ఏళ్లకి పైగా వార్డుల్లో నర్సుగా పనిచేసినదాన్ని, చెప్పాల్సినవి చాలానే ఉన్నాయి. కానీ ఈ రెండు మూతల దగ్గరే మొదలుపెడతాను. నేను ఒక మనిషి ప్రాణం మీదికి తెచ్చింది ఇక్కడే.

నేను ఉద్యోగంలో చేరి అప్పటికి ఏడాది కూడా కాలేదు. మెడికల్ వార్డులో నైట్ డ్యూటీ. అరవై దాటిన ఒక పెద్దాయనకి రాత్రి భోజనానికి ముందు రెగ్యులర్ ఇన్సులిన్ 20 యూనిట్లు రాసి ఉంది. వార్డులో స్టాక్ అయిపోవడంతో వాళ్లబ్బాయి బయట మెడికల్ షాపులో వయల్, అంటే ఇన్సులిన్ సీసా, కొనుక్కొచ్చాడు. నేను మందు పేరు చూశాను. ఎక్స్‌పైరీ చూశాను. పెద్దాయన పేరు అడిగాను. ట్రాలీలోంచి ఎర్ర మూత సిరంజీ తీసి, సరిగ్గా 20 గీత దాకా లాగి, పొట్ట మీద చర్మం కింద ఇచ్చాను. ఛార్టులో సంతకం పెట్టాను. ఆయన రెండు ముద్దలు తిని ఇక చాలన్నారు. పదిన్నరకి వాళ్లబ్బాయి పరుగెత్తుకొచ్చాడు. "సిస్టర్, మా నాన్న పిలిస్తే పలకట్లేదు." వెళ్లి చెయ్యి పట్టుకుంటే మంచులా ఉంది. చొక్కా పిండితే నీళ్లు కారేలా చెమట. షుగర్ చూస్తే 38.

మేం రోజూ వాడే వయల్‌లో మిల్లీలీటరుకి 40 యూనిట్లు ఉంటాయి. ఆ అబ్బాయి తెచ్చినదాంట్లో మిల్లీలీటరుకి 100. ఎర్ర మూత సిరంజీలో 20 గీత అంటే అర మిల్లీలీటరు. 40 వయల్‌లోంచి అర మిల్లీలీటరు తీస్తే 20 యూనిట్లు. 100 వయల్‌లోంచి తీస్తే 50. నేను ఆయనకి రెండున్నర రెట్లు ఇచ్చేశాను. దీన్ని తిరగేసినా తప్పే. నారింజ మూత సిరంజీతో 40 వయల్‌లోంచి 20 గీత దాకా తీస్తే పేషెంటుకి అందేది 8 యూనిట్లే. ఈ తప్పు అప్పటికప్పుడు బయటపడదు కూడా. షుగర్ తగ్గట్లేదని డాక్టర్ గారు రోజురోజుకీ డోసు పెంచుతారు. ఆ తర్వాత ఒక రోజు ఎవరో సరైన సిరంజీతో, ఆ పెంచిన డోసు ఇస్తారు.

సరైన పేషెంటు, సరైన మందు, సరైన డోసు, సరైన మార్గం, సరైన సమయం. ఈ ఐదూ నాకు రాక కాదు, నిద్రలో లేపి అడిగినా చెప్పేదాన్ని. ఆ రాత్రి అవి పాటించాననే అనుకున్నాను. నేను చేసిన తప్పు ఏంటంటే, లేబుల్ మీద పేరు చదివి అక్కడితో ఆగిపోయాను. పేరు పెద్ద అక్షరాల్లో ఉంటుంది, స్ట్రెంత్, అంటే మిల్లీలీటరుకి ఎంత మందో, దాని కింద చిన్నగా ఉంటుంది. ఆ చిన్నది చదివే దాకా మీరు లేబుల్ చదవనట్టే. షెల్ఫులోంచి తీసేటప్పుడు ఒకసారి, సిరంజీలోకి లాగేటప్పుడు ఒకసారి, వయల్ పక్కన పెట్టేముందు ఒకసారి, మొత్తం మూడుసార్లు చదవాలి. ఇన్సులిన్ అయితే వయల్ మీది అంకె, సిరంజీ మీది అంకె పక్కపక్కన పెట్టి చూడాలి. 40కి 40, 100కి 100.

ఫార్మకాలజీ అంటే మీకు టెన్షన్ అని తెలుసు. పేర్లన్నీ బట్టీ పట్టాలి కదా. కానీ మందు ఒంట్లోకి వెళ్లాక ఏమవుతుందో ఒక్కసారి అర్థమైతే, వార్డులో మీరు చేసే చాలా పనులకి కారణం తెలుస్తుంది. మింగిన మందు పేగుల్లోంచి ముందుగా కాలేయానికి వెళ్తుంది. అక్కడ కొంత విరిగిపోయాకే మిగతా ఒంటికి అందుతుంది. గుండెనొప్పికి సార్బిట్రేట్ నాలుక కింద పెట్టమనేది అందుకే. నాలుక కింద నుంచి అది నేరుగా రక్తంలోకి పోతుంది. మన పెద్దవాళ్లు మాత్ర అనగానే గుటుక్కున మింగేసి నీళ్లు అడుగుతారు. బీపీ చూసి, మాత్ర పెట్టి, కరిగే దాకా పక్కనే నిలబడండి.

సమయం సంగతి కూడా ఇంతే. అమాక్సిసిలిన్ అనే యాంటీబయాటిక్ రోజుకి మూడుసార్లు అని రాస్తే, మన ఇళ్లలో మూడు పూటలంటే టిఫిను, మధ్యాహ్నం భోజనం, రాత్రి భోజనం. పొద్దున 8, మధ్యాహ్నం 1, రాత్రి 8. లెక్కేసి చూడండి, పగలు 5 గంటలు, 7 గంటల తేడా, రాత్రి 12 గంటలు ఖాళీ. ఆ మందు రక్తంలో సగానికి పడిపోవడానికి గంట, గంటంపావు చాలు. అంటే రాత్రంతా బ్యాక్టీరియాకి అడ్డు లేదు. వార్డులో 6, 2, 10 గంటలకి ఇచ్చేది అందుకే. అదే గుండెకి ఇచ్చే డిగాక్సిన్ అయితే సగానికి తగ్గడానికి ఒకటిన్నర రోజుకి పైనే పడుతుంది, కిడ్నీలు బాగా లేకపోతే ఇంకా ఎక్కువ. కాబట్టి అది ఒంట్లో పేరుకుంటుంది. ఇచ్చేముందు గుండె మీద స్టెతస్కోప్ పెట్టి నిమిషం పూర్తిగా లెక్కపెట్టండి. పావు నిమిషం చూసి నాలుగుతో గుణించడం ఇక్కడ పనికిరాదు. పెద్దవాళ్లలో 60 కన్నా తక్కువుంటే మాత్ర ఆపి డాక్టర్ గారికి చెప్పండి.

ముక్కులోంచి కడుపులోకి రైల్స్ ట్యూబు వేసి ఉన్న పేషెంటుకి మాత్రలన్నీ కలిపి నూరి పోసేయడం చాలా చోట్ల చూశాను. ఎసిడిటీకి ఇచ్చే పాంటాప్రజోల్ మాత్ర మీది పూత దాన్ని కడుపులోని యాసిడ్ నుంచి కాపాడటానికే ఉంది. నూరితే ఆ పూత పోతుంది, మందు పాడవుతుంది. పేరు చివర ఎస్.ఆర్., ఎక్స్.ఆర్. అని ఉన్న మాత్రలు ఇంకా ప్రమాదం. వాటిని నూరితే రోజంతా మెల్లగా రావాల్సిన మందు ఒక్కసారే ఒంట్లోకి దిగుతుంది. సిరప్పో, ఇంజెక్షనో ఉందేమో అడగండి.

ఇప్పుడు కె.సి.ఎల్., పొటాషియం క్లోరైడ్. 10 మి.లీ. ఆంప్యూల్‌లో 20 మిల్లీ ఈక్వివలెంట్లు ఉంటాయి. ప్లాస్టిక్ ఆంప్యూల్ అయితే, రాత్రి మసక వెలుతురులో చూడటానికి డిస్టిల్డ్ వాటర్ లాగే ఉంటుంది. యాంటీబయాటిక్ పొడి కలపడానికి డిస్టిల్డ్ వాటర్ అనుకుని అది తీసి, నరంలోకి పుష్ చేస్తే గుండె ఆగిపోతుంది. దాన్ని నేరుగా నరంలోకి పుష్ చేయకూడదు, ఎవరు చెప్పినా సరే. సెలైన్‌లో కలిపే ఎక్కించాలి. వేలాడుతున్న బాటిల్‌లో గుచ్చేసి వదలకండి. అది బరువైన ద్రవం, అడుగుకి దిగి ముందు అదే వెళ్తుంది. సెట్ బిగించకముందే కలిపి, బాటిల్‌ని నాలుగైదుసార్లు తలకిందులు చేయండి. 500 మి.లీ. 4 గంటల్లో పోవాలంటే, మిల్లీలీటరుకి 20 చుక్కలు పడే సెట్ అయితే, 500ని 20తో గుణించి 240 నిమిషాలతో భాగించండి. నిమిషానికి 42 చుక్కలు వస్తాయి. అంతకంటే ముందు పేషెంటు మూత్రం పోస్తున్నారో లేదో చూసుకోండి. కె.సి.ఎల్.ని వేరే డబ్బాలో పెట్టండి. కలిపేటప్పుడు ఇంకో సిస్టర్‌ని పిలిచి చూపించండి. తనకి తీరిక లేకపోతే వచ్చే దాకా ఆగండి.

మన భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి పేరు మీరు విని ఉంటారు. అమెరికాలో లెడర్లీ కంపెనీలో ఆయన బృందం ఫోలిక్ యాసిడ్‌ని తయారుచేసింది. ఆ ఫోలిక్ యాసిడ్‌ని అడ్డుకునే మందులు, మెథోట్రెక్సేట్‌తో సహా, అక్కడే పుట్టాయి. మెథోట్రెక్సేట్‌ని క్యాన్సర్‌కి వాడతారు, కీళ్లవాతానికీ వాడతారు. కీళ్లవాతానికి వారానికి ఒక్క రోజే వేసుకోవాలి. అదే మాత్ర రోజూ వేసుకుంటే కొన్ని రోజుల్లోనే నోరంతా పుండ్లు, రక్తకణాలు పడిపోవడం, చివరికి ప్రాణం మీదికి రావడం. దాని విషం తగ్గించడానికి ఇంకో రోజు ఇచ్చేది ఫోలిక్ యాసిడే. ఈ రెండూ తారుమారైతే ఏమవుతుందో ఆలోచించండి. డిశ్చార్జి చేసేటప్పుడు "వారానికోసారి" అని చెప్పి వదిలేయకండి. "ఆదివారం" అని రోజు పేరు చీటీ మీద రాసివ్వండి. ఏ రోజు వేసుకుంటారో వాళ్ల నోటితో చెప్పించండి.

పేషెంటు పేరు దగ్గర ఇంకో మాట. "లక్ష్మి గారేనా?" అని అడగకండి. మగతలో ఉన్నవాళ్లు, చెవులు సరిగ్గా వినపడనివాళ్లు, సిస్టర్ ఏదో అడిగిందని భయపడేవాళ్లు, అందరూ "ఆఁ" అనే అంటారు. పైగా మన వార్డుల్లో ఎప్పుడు చూసినా ఇద్దరు ముగ్గురు లక్ష్ములు ఉంటారు. "మీ పేరు చెప్పండమ్మా, ఇంటిపేరుతో" అనండి. కేస్ షీట్‌లో ఐ.పి. నంబరుతో, అంటే ఇన్-పేషెంట్ నంబరుతో, సరిచూడండి. బెడ్ నంబరుని నమ్మొద్దు. ఫ్యాను కింద బెడ్ ఖాళీ అయితే వాళ్లే మారిపోతారు.

డాక్టర్ల రాత అర్థం కాకపోతే అడగండి. యూనిట్లు అని పూర్తిగా రాయకుండా ఇంగ్లిష్ యు ఒక్కటే రాస్తే అది సున్నాలా కనపడుతుంది, 4 కాస్తా 40 అయిపోతుంది. "సార్, ఇది 4 యూనిట్లా, 40 యూనిట్లా? నేను 4 అని చదివాను, ఒకసారి చూడండి." ఇంతే. విసుక్కుంటే విసుక్కోనివ్వండి. ఫోన్లో చెప్తే రాసుకుని, రాసింది తిరిగి చదివి వినిపించండి.

ఆ రాత్రి సంగతి పూర్తి చేస్తాను. 25 శాతం డెక్స్‌ట్రోస్ 100 మి.లీ. నరంలోకి ఇవ్వగానే పెద్దాయన కళ్లు తెరిచారు. అప్పుడు ట్రాలీ మీది వయల్ మళ్లీ తీసి చదివితే 100 అని కనపడింది. ఒక్క క్షణం నాకేం అనిపించిందో మీకు దాచకుండా చెప్తాను. సరిగ్గా తినలేదు కాబట్టి షుగర్ పడిపోయిందని చెప్పొచ్చు, ఎవరికీ అనుమానం రాదు అనిపించింది. ఏడుస్తూనే డ్యూటీ డాక్టర్ గారి దగ్గరికెళ్లి, 20కి బదులు 50 పడిందని చెప్పాను. ఆయన నన్ను ఏమీ అనలేదు. వెంటనే డెక్స్‌ట్రోస్ డ్రిప్ పెట్టించి, తెల్లారే దాకా గంటగంటకీ షుగర్ చూడమన్నారు. 50 యూనిట్లు ఒక్క బాటిల్‌తో అయిపోయేవి కావు కదా. రెండు గంటలకి షుగర్ మళ్లీ 61కి దిగింది. నేను నోరు మూసుకుని ఉంటే ఆ టైమ్‌కి ఆ బెడ్ దగ్గర ఎవరూ ఉండేవాళ్లు కాదు.

పొద్దున హెడ్ సిస్టర్ గారు నా చేత జరిగింది జరిగినట్టు కాగితం మీద రాయించారు. మధ్యాహ్నానికి ఫ్రిజ్‌లో 100 వయల్స్‌కి వేరే డబ్బా పెట్టించి, దానికి నారింజ రంగు టేపు అంటించారు. పెద్దాయన మూడో రోజు ఇంటికి వెళ్లారు.

సరే, మాటలు చాలు. టేబుల్ మీద నాలుగు వయల్స్ పెట్టాను. ముందు బెంచీ వాళ్లు ఒక్కొక్కరే రండి. ఒకటి చేతిలోకి తీసుకోండి, పేరు దగ్గర ఆగకుండా లేబుల్ మొత్తం అందరికీ వినపడేలా చదవండి. ఆ తర్వాత ఏ మూత సిరంజీ తీయాలో చెప్పండి.