18ని 20 దాటించిన గుణకం

నమస్కారం. కాగితం, పెన్ను దగ్గరుంటే ఈ లెక్క నాతోపాటు మీరూ వేయండి.

అమెరికాలో కిడ్నీ మార్పిడికి ఎదురుచూసేవారి నిరీక్షణ కాలం, కిడ్నీ పనితీరు అంకె 20కి పడిపోయాక లెక్కలోకి వస్తుంది. కండ నుంచి రక్తంలోకి చేరే క్రియాటినిన్ అనే వ్యర్థం ఎంతుందో చూసి, వయసు, ఆడో మగో కలిపి సూత్రంలో వేస్తారు. ఒకాయనకు 18 వచ్చిందనుకుందాం. వరుసలో నిలబడవచ్చు. కానీ 2009 నాటి సూత్రంలో ఇంకో మెట్టు ఉండేది: రోగి నల్లజాతీయుడైతే వచ్చినదాన్ని 1.159తో హెచ్చించాలి. 18 కాస్తా దాదాపు 20.9 అయింది. అదే రక్తం, అదే కిడ్నీ. వరుసలో మాత్రం చోటు లేదు!

నల్లజాతీయులకు కండ ఎక్కువన్నది అప్పట్లో చెప్పిన కారణం. అంత బలహీనమైన ఊహను ఏళ్ల తరబడి తరగతుల్లో సూత్రంగా నేర్పారు. 2021లో అక్కడి జాతీయ కిడ్నీ ఫౌండేషన్, నెఫ్రాలజీ (కిడ్నీ వైద్యుల) సొసైటీ కలిసి వేసిన బృందం జాతి ప్రస్తావన లేని సూత్రాన్ని సిఫారసు చేసింది. ఆ గుణకం వల్ల వెనకబడ్డ నల్లజాతి రోగులకు 2023 నుంచి పోయిన కాలాన్ని తిరిగి కలుపుతున్నారు. ఈ మార్పు కోసం పట్టుబట్టినవారిలో వైద్య విద్యార్థులూ ఉన్నారు. నాకు అన్నిటికన్నా నచ్చిన విషయం అదే.

ప్రజారోగ్యం బోధించేవారికి నా మాట ఒకటే. జాతివివక్ష మీద ఏడాదికొక అతిథి ఉపన్యాసం పెట్టించి, మర్నాడు గణాంకాల తరగతిలో ‘జాతి’ని వయసు, బరువుల పక్కన జబ్బు ముప్పును పెంచే కారణాల్లో ఒకటిగా పట్టికకెక్కిస్తే ఆ ఉపన్యాసం వృథా. ఆగవలసింది ఆ పట్టిక దగ్గరే. ఇక్కడ జాతి అన్న మాట దేనికి బదులుగా నిలబడింది? ఇల్లున్న వీధికా, బీమా లేకపోవడానికా, వైద్యుడు నొప్పిని నమ్మకపోవడానికా? తెలుగు రాష్ట్రాల నుంచి ఈ చదువుకు వెళుతున్న పిల్లలూ అడగాలి. ఆ పాత సూత్రంలో ఉన్నవి రెండే గళ్లు: నల్లజాతీయులు, ‘శ్వేతజాతీయులు లేదా ఇతరులు’. మనం ఆ ‘ఇతరులు’లో ఉన్నాం, మనల్ని ఎవరూ అడగకుండానే.

ఇంకొక్క మాట. ఈ చర్చ రాగానే తరగతిలో ఉన్న ఒక్క నల్లజాతి విద్యార్థి వైపు అందరి తలలూ తిరుగుతాయి. ఆ పిల్లను తన జాతి మొత్తానికి సాక్షిగా నిలబెట్టకండి. 1.159 ఎక్కడి నుంచి వచ్చిందో ముందు మీరు చదివి వెళ్లి, బోర్డు మీద మీరే విప్పి చూపించండి.