లోముకు కిడ్నీ ఇచ్చిన మనిషి
(ప్రపంచ కిడ్నీ దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

అధ్యక్షులకు, వేదికపై ఉన్న వైద్యులకు, ఉద్దానం నుంచి ఇంత దూరం వచ్చిన సోదర సోదరీమణులకు నమస్కారం. వ్యాధిని ఎదుర్కొన్న క్రీడాకారుల గురించి చెప్పమని నిర్వాహకులు కోరారు. నేను ఒక్కరి గురించే చెబుతాను. ఆయన న్యూజిలాండ్ రగ్బీ ఆటగాడు జోనా లోము.

టోంగా దీవుల నుంచి వలస వచ్చిన కుటుంబంలో 1975లో పుట్టి, ఆక్లండ్ నగరపు దక్షిణాన మాంగెరేలో పెరిగిన లోము, 19 ఏళ్లకే జాతీయ జట్టు ఆల్ బ్లాక్స్ తరఫున టెస్టు ఆడారు. అంత చిన్న వయసులో ఆ అవకాశం అంతకుముందు ఎవరికీ దక్కలేదు. ఆరడుగుల ఐదంగుళాల మనిషి, మైదానం అంచున మెరుపు వేగంతో పరుగెత్తేవారు. 1995 ప్రపంచ కప్ సెమీఫైనల్ కేప్‌టౌన్‌లో జరిగింది. ఇంగ్లండ్ మీద ఆయన నాలుగు ట్రైలు సాధించారు, అంటే బంతితో ప్రత్యర్థి గీత దాటి దానిని నేలకు ఆనించడం నాలుగుసార్లు. మొదటిసారి తూలుతూనే వెళ్లి, ఎదురుగా నిలిచిన మైక్ కాట్‌ను తొక్కుకుంటూ సాగిపోయారు. ఆ దృశ్యాన్ని లోకం ఇప్పటికీ చూస్తోంది.

ఆ ఏడాది చివరికే ఆయనకు నెఫ్రోటిక్ సిండ్రోమ్ ఉన్నట్టు తేలింది. రక్తాన్ని వడకట్టే కిడ్నీలు ఒంట్లో ఉండవలసిన ప్రొటీన్‌ను మూత్రంలోకి వదిలేసే వ్యాధి అది. ఒళ్లు నీరు పడుతుంది, సత్తువ జారిపోతుంది. ఆ స్థితిలోనే 1999 ప్రపంచ కప్‌లో ఎనిమిది ట్రైలు చేశారు. 63 టెస్టుల్లో 37 ట్రైలు చేసి, 2002లో చివరి టెస్టు ఆడారు. మరుసటి ఏడాది డయాలసిస్ మొదలైంది.

ఆహార నియమాల గురించి రాసుకొచ్చిన భాగాన్ని ఇక్కడ వదిలేస్తున్నాను, ఎందుకంటే అసలు చెప్పవలసిన మాట ఇది. 2004లో వెల్లింగ్టన్‌కు చెందిన రేడియో వ్యాఖ్యాత గ్రాంట్ కెరీమా లోముకు తన కిడ్నీ ఇచ్చారు. ఆ కిడ్నీతోనే లోము మరుసటి ఏడాది మళ్లీ మైదానంలోకి దిగి, వేల్స్‌లో కార్డిఫ్ జట్టుకు ఆడారు. 2011లో అది పనిచేయడం మానింది. 2015 నవంబరు 18న, 40 ఏళ్లకే, లోము కన్నుమూశారు. అంటే దాదాపు ఏడేళ్లు డయాలసిస్ లేకుండా ఆయన బతికింది మరొక మనిషి ఇచ్చిన అవయవంతో. లోము గురించి రాసేవారు నాలుగు ట్రైలకు పుటలు కేటాయిస్తారు, కెరీమాకు ఒక్క వాక్యంతో సరిపెడతారు. ఇది నన్ను చాలాకాలంగా బాధిస్తోంది.

మన సభల్లోనూ అంతే. శస్త్రచికిత్స చేసిన వైద్యులకు శాలువా కప్పుతాం, కోలుకున్నవారితో మాట్లాడిస్తాం, కిడ్నీ ఇచ్చిన తల్లి, అన్న, భార్య మాత్రం వెనుక వరుసలో కూర్చుంటారు. అధ్యక్షులవారిని ఒక్కటే వేడుకుంటున్నాను: నా కోసం తెచ్చిన శాలువా పక్కన ఉంచండి. ఈ హాలులో కిడ్నీ ఇచ్చినవారు ఎందరున్నారో వారందరూ దయచేసి వేదిక మీదికి రండి.