ఎక్కడ ఆగుతున్నారో రాసుకోండి

శ్రోతలకు నమస్కారం.

మా అక్కవాళ్లు ఉండేది రెండో అంతస్తులో. మొత్తం 34 మెట్లు. 17 మెట్లు ఎక్కితే మొదటి అంతస్తు, అక్కడ కింది వాటావాళ్ల చెప్పుల స్టాండు. కొన్ని నెలలపాటు ఆ స్టాండు ఎప్పుడు చూసినా జతకు జత పెట్టి, సర్దేసి ఉండేది. ఆ ఇంటివాళ్లేమో తాము సర్దలేదన్నారు. చివరికి తెలిసింది, సర్దేది మా అక్క. ఆయాసంతో ఇక ఎక్కలేక మెట్టు మీద కూర్చునేది. ఎవరైనా చూసి ఏమైందని అడుగుతారేమోనని చెప్పులు సర్దుతూ ఉండేది.

తర్వాత పరీక్షల్లో పల్మనరీ హైపర్‌టెన్షన్ అని చెప్పారు. ఇది చేతికి పట్టీ చుట్టి చూసే బీపీ కాదు. గుండె కుడివైపు నుంచి ఊపిరితిత్తులకు రక్తం తీసుకెళ్లే నాళాల్లో పెరిగే ఒత్తిడి. చేతి దగ్గర బీపీ 120, 80 ఉన్నా ఇది ఉండొచ్చు. "బీపీ నార్మలే కదమ్మా, మళ్లీ ఈ హైపర్‌టెన్షన్ ఏంటి?" అని మా బావగారు రెండు రోజులు నన్ను అడుగుతూనే ఉన్నారు. గుండె కవాటాల జబ్బు, పుట్టుకతో వచ్చిన గుండె రంధ్రం, పొగతో ఏళ్ల తరబడి దెబ్బతిన్న ఊపిరితిత్తులు, నాళాల్లో గడ్డకట్టి ఉండిపోయిన రక్తం, ఇలా దీనికి కారణాలు చాలా ఉన్నాయి. కారణాన్నిబట్టే మందు. అందుకే స్పెషలిస్టు దగ్గరికి పంపుతారు.

ఆ మొదటి అపాయింట్‌మెంట్‌కు నేనూ వెళ్లాను. ఫైలు నిండా రిపోర్టులు. డాక్టరుగారు అన్నీ చూసి అడిగారు, "మెట్లు ఎక్కగలరామ్మా?" అక్క వెంటనే, "ఎక్కుతానండీ, పర్లేదండీ" అంది.

అబద్ధం కాదు. ఎక్కుతుంది. కానీ ఆ చెప్పుల స్టాండు మాట చెప్పలేదు. నేను ఉండబట్టలేక చెప్పాను, మధ్యలో కూర్చుంటుందండీ, పైకి చేరాక ఐదు నిమిషాలు మాట్లాడలేదండీ అని. డాక్టరుగారు పెన్ను పక్కన పెట్టి మళ్లీ మొదటినుంచి అడిగారు. స్నానం చేస్తుంటే వస్తుందా? తల దువ్వుకుంటుంటే? ఎప్పుడైనా కళ్లు తిరిగి పడ్డారా? ఒక్కొక్కటిగా అక్క అప్పుడు చెప్పింది. బయటికొచ్చాక నా మీద కోపం కూడా వచ్చింది, "అవన్నీ అక్కడ ఎందుకు చెప్పావే" అని.

ఎందుకంటే అవే ముఖ్యం కాబట్టి. ఈ జబ్బులో రోగి ఏ పని చేయగలుగుతున్నారు, ఏ పనికి ఆయాసం వస్తోంది అన్నదాన్నిబట్టి డాక్టర్లు నాలుగు తరగతులుగా చూస్తారు. మందులు ఎంచుకునేటప్పుడు ఆ తరగతినీ లెక్కలోకి తీసుకుంటారు. గుండెను స్కాన్ చేసి చూసే ఎకో మిషన్ ఒత్తిడిని అంచనా వేస్తుంది, మీరు ఏ మెట్టు దగ్గర ఆగారో దానికి తెలియదు. మన "పర్లేదండీ" వల్ల ఆ తరగతి తప్పుగా పడొచ్చు. డాక్టరు ముందు పర్లేదు అనడం మనకు మర్యాద. ఈ ఒక్క గదిలో ఆ మర్యాద వద్దు.

అందుకని, అపాయింట్‌మెంట్‌కు వారం ముందు ఒక కాగితం తీసుకోండి. ఆయాసం అని ఊరికే రాయకండి. ఎక్కడ ఆగారో రాయండి. ఎన్నో మెట్టు దగ్గర? కూరగాయల సంచితో వీధి చివరి నుంచి వస్తూ ఎన్నిసార్లు? ఆరు నెలల కింద ఇదే పని ఆగకుండా చేశారా? సాయంత్రానికి పాదాలు వాస్తున్నాయా? రాయలేకపోతే ఇంట్లో పిల్లల చేత రాయించండి, మీరు దాచేవి వాళ్లకే ముందు కనిపిస్తాయి.

మాత్రల పేర్లు గుర్తుంచుకోవడం కన్నా స్ట్రిప్పులే సంచిలో వేసుకుని వెళ్లండి, ఆయుర్వేదం మందులతో సహా. ఒక కారణం చెబుతాను. ఈ జబ్బుకు కొందరికి సిల్డెనాఫిల్ ఇస్తారు. ఛాతీనొప్పికి నాలుక కింద పెట్టుకునే నైట్రేట్ మాత్రలతో అది కలిస్తే బీపీ ప్రమాదకరంగా పడిపోతుంది. ఇక సీటీ స్కాన్ తీయించి ఉంటే రిపోర్టు కాగితం ఒక్కటే సరిపోదు, సీడీ గానీ ఫిల్ములు గానీ తీసుకెళ్లండి. ఆరు నిమిషాలు నడిపించి ఎన్ని మీటర్లు నడిచారో చూసే పరీక్ష ఉండొచ్చు, రోజూ వేసుకునే చెప్పులే వేసుకోండి.

ఎకో రిపోర్టులో అంకె చూసి టెన్షన్ పడకండి. సగటు ఒత్తిడి 20 దాటితే ఈ జబ్బు అంటారని మీరు విని ఉండొచ్చు. 2022 నాటి యూరప్ మార్గదర్శకాల్లో ఉన్న ఆ లెక్క, మెడ దగ్గరో గజ్జల్లోనో సిరలోంచి సన్నని గొట్టం గుండెదాకా పంపి కొలిచేది. ఎకోలో రాసే 50, 60 వేరే లెక్క. రెండూ పోల్చకూడదు. గొట్టం పరీక్ష నాకు కావాలా, ఎందుకు అని డాక్టరునే అడగండి. పిల్లల్ని కనాలనుకునే వయసు ఆడవాళ్లయితే ఆ మాట తప్పక ఎత్తండి. ఈ జబ్బుతో గర్భం తల్లి ప్రాణానికే ముప్పు, కొన్ని మందులు కడుపులో బిడ్డకూ హాని చేస్తాయి.

అపాయింట్‌మెంట్ పదిహేను రోజుల తర్వాత ఉండొచ్చు. ఈలోగా స్పృహ తప్పినా, ఛాతీనొప్పి వచ్చినా, కూర్చున్నచోటే ఊపిరి ఆడకపోయినా, దగ్గితే రక్తం పడినా, ఆ తేదీ కోసం చూడకండి. వెంటనే 108కి ఫోన్ చేయండి. వాడుతున్న మాత్రలు మాత్రం మీ అంతట మీరు ఆపకండి.

మా అక్క ఇప్పుడు తనే రాస్తోంది. పోయిన నెల కాగితంలో మొదటి వరుస: "చెప్పుల స్టాండు దగ్గర ఒకసారి. కూర్చోలేదు, నిలబడ్డాను."

నమస్కారం.